సున్నం లేని గోడల వెంట: రాచకొండ నుంచి అలంపూర్ దాకా

శుక్రవారం, రాచకొండ

రాచకొండ కోట గోడల్లో ఎంత వెతికినా నాకు సున్నం కనిపించలేదు. మట్టి మెత్తిన జాడ కూడా లేదు. రాయి మీద రాయి, అంతే. కొన్ని రాళ్లు మనిషి ఎత్తున ఉన్నాయి. ఉలి పెట్టి నున్నగా చెక్కినవీ కావు, కొండ ఎలా ఇస్తే అలాగే తెచ్చి పేర్చారు. ఆరు వందల ఏళ్లకు పైగా వానలు, ఎండలు, మేకలు, కోతులు, గుప్తనిధుల పేరుతో గడ్డపారలు పట్టుకొచ్చినవాళ్లు, అందరినీ తట్టుకుని ఆ గోడలు చాలా చోట్ల ఇంకా నిటారుగా ఉన్నాయి.

చౌటుప్పల్ దగ్గర విజయవాడ హైవే వదిలి సంస్థాన్ నారాయణపురం మీదుగా వచ్చాం. మా బావమరిది తోడొచ్చాడు. తను సివిల్ ఇంజినీరు, రోజూ కాంక్రీటుతోనే పని. "గోడలు చూడటానికి సెలవు పెట్టడమేంటి బావా" అని బయల్దేరేటప్పుడు అన్నాడు. మొదటి దర్వాజా దగ్గరికి రాగానే జేబులోంచి టేపు తీశాడు.

దర్వాజా అంటే ఇక్కడ రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒకే ఒక రాతి దూలం. కమాను లేదు. రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది కానీ లాగుడును ఓర్చుకోదు. అడ్డంగా పడుకోబెట్టిన దూలానికి అడుగు వైపున పడేది లాగుడే. అందుకే దూలం అంత మందంగా పెట్టి, దారిని అంత ఇరుకుగా ఉంచారని బావమరిది వివరించాడు. అప్పటిదాకా ఆ ఇరుకు శత్రువుల కోసమేనని అనుకుంటూ వచ్చాను. రెండూ నిజమే అయి ఉంటాయి.

1323లో ఓరుగల్లు పడిపోయాక ఈ ప్రాంతం రేచర్ల పద్మనాయకుల చేతికొచ్చింది. అన్న అనవోతానాయకుడు రాచకొండ నుంచి, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండ నుంచి ఏలారు. కాబట్టి నేడూ రేపూ చూసే రెండు కోటలూ ఒకే ఇంటివాళ్లవి.

గోడ వెంట నడుస్తుంటే ఒకచోట ముఖం రాళ్లు జారిపోయి గోడ కడుపు బయటపడింది. ఈ యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది ఆ కూలిన చోటే. బయటి నుంచి చూస్తే ఒకే గోడ, లోపల చూస్తే రెండు. బయటి ముఖం ఒక వరస, లోపలి ముఖం ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లు కూరారు. ఆ చిన్న రాళ్లు తట్టలతో గుమ్మరించినవి కావు, ఒక్కొక్కటి చేత్తో ఇరికించినవి. రెండు ముఖాలూ ఒకదాని వైపు ఒకటి కొద్దిగా వాలి ఉన్నాయి. అడుగున వెడల్పు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అక్కడక్కడ ఒక పొడవాటి రాయి గోడ మందమంతా అడ్డంగా దూరి రెండు ముఖాలనూ పట్టి ఉంచుతోంది. ఇంజినీర్లు దాన్ని బాండ్ స్టోన్ అంటారు. అది లేకపోతే కొన్నేళ్లకు ముఖాలు విడిపోయి గోడ ఉబ్బుతుంది. కూలిన చోట తేడా ఇట్టే తెలిసింది. అడ్డరాళ్లు ఉన్న దగ్గర గోడ ఆగింది, లేని దగ్గర జారింది.

ఇలాంటి గోడను నిలబెట్టేవి రెండే: బరువు, రాపిడి. గ్రానైట్ ఘనమీటరు 2.6 టన్నులకు పైనే తూగుతుంది. మీటరు పొడవు, మీటరు మందం, మూడు మీటర్ల ఎత్తున్న గోడ ముక్కను తీసుకుంటే, సందులు పోగా ఆరు టన్నుల దాకా ఉంటుంది. ప్రతి రాయీ తన కింది రెండింటినీ నొక్కి పడుతుంది. నేల కాస్త కుంగితే రాళ్లు కాస్త సర్దుకుంటాయి. సిమెంటు గోడకు ఆ సర్దుబాటు తెలియదు, పగుళ్లిస్తుంది.

అయితే అసలు సంగతి నీళ్లది. ముందురోజు రాత్రి బాగా వాన పడింది. గుట్ట మీది నుంచి దిగిన నీళ్లు గోడ వెనక నిలవకుండా అడుగున సందుల్లోంచి సన్నగా కారుతున్నాయి. గోడ వెనక రెండు మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే, అడుగు భాగంలో చదరపు మీటరుకు రెండు టన్నుల నెట్టుడు ఉంటుంది. మట్టిని ఆపడానికి కాంక్రీటుతో రిటైనింగ్ వాల్ కట్టినప్పుడు నీళ్లు పోవడానికి పైపు ముక్కలు పెట్టి వీప్ హోల్స్ వదులుతారు. అవి పూడుకుపోయిన రోజు గోడకు టెన్షన్ మొదలవుతుంది. "దీనికి ఒళ్లంతా వీప్ హోల్సే బావా" అన్నాడు మా వాడు, గోడ మీద చెయ్యేసి.

ఆఫ్రికాలో గ్రేట్ జింబాబ్వే అనే పాత నగరం ఉంది. అక్కడి పెద్ద ప్రాకారం కొన్ని చోట్ల 11 మీటర్ల ఎత్తు, అదీ సున్నం లేకుండా గ్రానైట్ ఇటుకల్లాంటి రాళ్లతోనే కట్టారు. కాలం కూడా దాదాపు మన రాచకొండదే. ఆ దేశం తన పేరునే ఆ రాతి కట్టడం నుంచి తీసుకుంది. రాచకొండకు మాత్రం ఆదివారం పూట బైకుల మీద వచ్చే కుర్రాళ్లే దిక్కు.

దిగేటప్పుడు గుండ్ల మీద వరసగా చిన్న చిన్న గుంటలు చూశాం. పెద్ద గుండును చీల్చాలంటే ఒక గీత వెంట ఉలితో గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, వరసగా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. రాయి ఆ గీత వెంటే విచ్చుకుంటుంది. ఒక గుండు మీద గుంటలు తొలిచి, ఎందుకో చీల్చకుండా వదిలేశారు. పక్కనే సీతాఫలం చెట్లు. కాయలు అయిపోవచ్చాయి, చిటారున రెండు మూడు మిగిలాయి. ఈ గుట్టల్లో సీతాఫలానికి ఎవరూ నీళ్లు పొయ్యరు. రాళ్ల సందులో తడి దానికి చాలు.

శనివారం, పానగల్లు – దేవరకొండ

పొద్దున్నే నల్లగొండ పక్కన పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయానికి అందరూ నీడ కోసం వస్తారు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం నీడ కదలకుండా ఉండటం నిజంగా చూడాల్సిన వింతే. నా కళ్లు మాత్రం గోడ రాళ్ల అతుకుల మీదే ఉన్నాయి. కుందూరు చోడుల కాలపు కట్టడం ఇది. ఇక్కడా రాళ్ల మధ్య సున్నం లేదు, కానీ పద్ధతి రాచకొండకు పూర్తిగా ఎదురు. అక్కడ రాయి ఎలా ఉంటే అలా పెట్టి, సందుకు తగిన చిన్న రాయిని వెతికారు. ఇక్కడ ప్రతి రాయినీ మూలమట్టం పెట్టి చెక్కి, రెండు రాళ్ల మధ్య గోరు కూడా దూరకుండా కూర్చారు. సున్నం లేని గోడ అనగానే మొరటు పని అనుకునేవాళ్లు ఒకసారి ఈ అతుకుల మీద వేలు పెట్టి చూడాలి.

ఊరి చెరువు ఉదయసముద్రం. ఇప్పుడు కృష్ణా కాలువ నీళ్లతో నిండే రిజర్వాయరు. చెరువు కట్ట లోపలి వైపు రాళ్లు పేర్చడాన్ని మన దగ్గర రివిట్‌మెంట్ అంటారు. ఆ మాట ప్రతి ఊళ్లో ప్రతి రైతుకూ తెలుసు. చెరువులో నీళ్లను ఆపేది మట్టి కట్టే, రాళ్లు కావు. గాలికి లేచే అలలు మట్టిని కోసుకుపోకుండా కాయడమే రాళ్ల పని. అందుకే వాటిని సిమెంటుతో అతకరు. చెరువు మట్టం గబగబా తగ్గినప్పుడు కట్టలో ఇంకిన నీళ్లు వెనక్కి చెరువులోకి రావాలి. అతికిన పలక ఉంటే ఆ నీళ్లు దాన్ని వెనక నుంచి నెట్టి పగలగొడతాయి. రాతి పేర్పు అయితే వాటికి దారిస్తుంది.

మధ్యాహ్నానికి దేవరకొండ. ఏడు గుట్టలను కలుపుతూ ప్రాకారం పాములా ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఇక్కడ కట్టినవాళ్ల తెలివి గోడ కన్నా గోడ పెట్టిన చోటులో ఎక్కువ కనిపించింది. గుట్ట మీద సహజంగా ఉన్న ఏనుగంత గుండ్లను వదిలేసి, రెండు గుండ్ల మధ్య ఖాళీలో మాత్రమే గోడ కట్టారు. గుండు దగ్గర గోడ ఎలా మొదలవుతుందో వంగి చూశాం. గుండు వంపుకు సరిపడేలా మొదటి రాయిని చెక్కి ఆనించారు. ఆ ఒక్క రాయికే ఉలి తగిలింది, మిగతావి మామూలే. ఎంత చెక్కాలో అంతే చెక్కడం, అంతకు మించి ఒక్క దెబ్బ కూడా వేయకపోవడం. ఆ పొదుపు నాకు చాలా నచ్చింది.

గోడల్లోంచి రావి, మర్రి మొక్కలు లేచిన చోట్ల మాత్రం గుండె కలుక్కుమంది. పిట్టలు వేసిన గింజ సందులో మొలుస్తుంది. ముందు వేరు దారంలా పోతుంది, తర్వాత లావై రాయిని పక్కకు తోస్తుంది. మొక్క లేతగా ఉన్నప్పుడే పీకాలి. చెట్టయ్యాక పీకితే గోడే వెంట వస్తుంది. అప్పుడు మొదట్లో నరికి, మోడు మళ్లీ చిగురించకుండా చంపి, వేరును అలాగే వదిలేయాలి. ఏటా వానాకాలం పోగానే ఇద్దరు కూలీలు కొడవళ్లతో ప్రాకారం చుట్టూ తిరిగొస్తే చాలు. అంత చిన్న పని.

రాత్రి దేవరకొండలోనే ఆగాం.

ఆదివారం, కల్వకుర్తి – జడ్చర్ల దారి

డిండి మీదుగా కల్వకుర్తికొచ్చి, జడ్చర్ల వైపు తిరిగాం. ఈ రోజు కోటలేవీ లేవు. రోడ్డు పక్క చేను గెట్ల మీద రాళ్ల వరసలు చూసుకుంటూ పోవడమే పని. పాలమూరు నేలలో నాగలికి మట్టి కన్నా రాయే ముందు తగులుతుందంటారు. ఏరిన రాళ్లను గెట్టు మీద వేస్తారు. చాలా చోట్ల అది ఉత్త కుప్ప. కొన్ని చోట్ల మాత్రం ఆ కుప్ప గోడ అవుతుంది, అక్కడ పనిమంతుడి చెయ్యి పడిందన్నమాట.

ఒక ఊరి బయట మేకల దొడ్డి కడుతున్న పెద్దాయన కనిపించాడు. అరవై దాటి ఉంటాయి. పక్కన ఆయన కొడుకు రాళ్లు అందిస్తున్నాడు. బండి ఆపి దగ్గరికి పోయాం.

"ఏం సార్, జాగలు చూడనీకి వచ్చిన్రా?"

"జాగలు కాదు పెద్దయ్యా, నీ గోడ చూద్దామని."

నమ్మలేదు. కాసేపు మమ్మల్ని పట్టించుకోకుండా పని చేసుకున్నాడు. మేం కూర్చునే ఉండేసరికి మెల్లగా మాటల్లో పడ్డాడు. వడ్డెర ఇంటివాడు. వాళ్ల నాయిన సాగర్ డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోశాడట. 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన డ్యాం. ఆ రాళ్లను మోసినవాళ్లలో పాలమూరు జనం ఎందరో. ఈయన కూడా వయసులో ఉండగా గుంపు మేస్త్రీ వెంట ఊళ్లూ రాష్ట్రాలూ తిరిగి కాలువలు, కట్టలు కట్టొచ్చాడు. ఇప్పుడు మోకాళ్లు నొప్పి, ఊరు కదలడు.

ఆయన ఒక రాయిని ఎలా పెట్టాడో దగ్గరి నుంచి చూశాను. కుప్పలోంచి ఒక రాయి తీసి సుత్తెతో తట్టాడు. ఖణేలుమంది. ఇంకోటి తట్టాడు, బొదబొదలాడింది, దాన్ని పక్కన పారేశాడు. లోపల నెర్రె ఉంటే రాయి మోగదు. మోగిన రాయిని గోడ మీద పెట్టే చోటికి తెచ్చి, ఎత్తుగా ఉన్న ఒక అంచును రెండు దెబ్బలతో లేపేశాడు. నేనైతే పొడుగు వైపు బయటికి కనిపించేలా పెట్టేవాణ్ణి, అందంగా ఉంటుందని. ఆయన పొడుగును గోడ లోపలికి తోశాడు, బయటికి చిన్న ముఖం మాత్రమే వదిలాడు. రెండు అరచేతులతో నొక్కి అటూ ఇటూ ఊపాడు. రవ్వంత కదిలింది. వెనక నుంచి, అంటే గోడ కడుపు వైపు నుంచి, ఒక పలచటి పెచ్చును కిందకు దూర్చాడు. మళ్లీ ఊపాడు. కదల్లేదు. ఇంకో రాయికి చెయ్యి చాచాడు.

"ముందల నుంచి పెచ్చు పెట్టొద్దా పెద్దయ్యా?"

"పెడితే రెండేండ్లకు జారి కింద పడ్తది సార్. అది పడ్తే రాయి ఊగుతది. రాయి ఊగితే గోడ పాయె."

ఆయన కొడుకు మధ్యలో చిన్న రాళ్లు తట్టతో పోయబోతే కసిరాడు. పోసిన రాళ్లు వానకు కిందికి సర్దుకుని, లోపలి నుంచి ముఖాలను బయటికి నెడతాయి. పేర్చిన రాళ్లు నెట్టవు. రాచకొండలో కూలిన చోట మేం చూసిందీ ఇదే. కింది వరస జాయింటు మీద పై వరస జాయింటు రాకూడదన్నది ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేని మాట. పునాది మొరం తగిలేదాకా తవ్వాడు, అన్నిటికన్నా పెద్ద రాళ్లన్నీ అడుగునే వేశాడు. దారం కట్టలేదు. బావమరిది టేపు పెట్టి చూస్తే అడుగున రెండున్నర అడుగులు, ఛాతీ ఎత్తున అడుగుంపావు. రెండు వైపులా వాలు సమానం.

మా వాడు ఉండబట్టలేక అడిగాడు, "సందుల్లో కొద్దిగా సిమెంటు పెడితే ఇంకా గట్టిగుండదా?"

పెద్దాయన సుత్తె కింద పెట్టాడు. "సిమెంటు పెడితే నీళ్లు యాడికి పోతయి సార్?"

ఆ ప్రశ్నకు మా వాడి దగ్గర జవాబు ఉంది, నా దగ్గరా ఉంది. అయినా ఇద్దరం ఏమీ అనలేదు. ఎందుకంటే ఈ దారిలోనే ఒక పాత గోడకు మరమ్మతు పేరుతో సందులన్నీ సిమెంటుతో పూడ్చేసింది చూసి వచ్చాం. ఆ చోటు పేరు ఇక్కడ రాయను. పూడ్చి ఎన్నాళ్లయిందో గానీ, అప్పుడే గోడ మధ్యలో పొట్ట వచ్చింది. పొట్ట కింద తడి మరక, తెల్లటి ఉప్పు. వెనక నీళ్లు నిలిచాయి, దారి లేక గోడను నెడుతున్నాయి. వందల ఏళ్లు ఏ జబ్బూ లేని గోడకు మందు పోసి జబ్బు తెచ్చారు. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది.

2018లో యునెస్కో సున్నం లేని రాతి గోడలు కట్టే విద్యను మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. క్రొయేషియా, సైప్రస్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, స్లొవేనియా, స్పెయిన్, స్విట్జర్లాండ్ కలిసి అడిగాయి, దక్కించుకున్నాయి. 2024లో ఐర్లాండ్, బెల్జియం సహా ఇంకో అయిదు దేశాలు చేరాయి. అక్కడ ఈ పనికి శిక్షణ ఉంది, పోటీలున్నాయి. ఐర్లాండ్ పడమటి దీవుల్లో గాలి దూరిపోయేలా సందులు వదిలి ఒంటి వరస గోడలు కడతారు, అదొక పద్ధతి. ఆ దేశాలవాళ్లు చెప్పే సూత్రాలకూ ఈ దొడ్డి దగ్గర విన్నవాటికీ తేడా నాకు కనిపించలేదు. పొడుగు లోపలికి, జాయింటు మీద జాయింటు వద్దు, కడుపు పేర్చాలి, మధ్యలో అడ్డరాయి వేయాలి. ఆయన కొడుకు మాత్రం వచ్చే ఏడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతానన్నాడు. కూలి అక్కడ ఎక్కువ. తప్పు పట్టడానికి ఏముంది?

రాళ్ల గోడలో తొండలుంటాయి, తేళ్లు కూడా ఉంటాయి. కూర్చునేటప్పుడు చూసుకుని కూర్చోండి. ఆయన ఫోన్ నంబరు రాసుకుని, జొన్నరొట్టె తిని, చీకటి పడ్డాక మహబూబ్‌నగర్ చేరాం.

సోమవారం, ఖిల్లా ఘనపురం – వనపర్తి

ఖిల్లా ఘనపురం కొండ ఎక్కాం. గోన వంశపు గణపారెడ్డి పేరు మీదుగా వచ్చిన ఊరు, కింద గణపసముద్రం చెరువు. ఎండ మండిపోయింది, నీళ్లు సరిపోలేదు, సగం నుంచే దిగాం. ప్రాకారం కింది నుంచే బాగా కనిపిస్తుంది.

దారిలో ఒక ఊళ్లో పాత గడీ గోడ కూలి ఉంటే ఆగాం. ఇది సున్నం గోడ. సున్నపురాళ్లు బట్టీలో కాల్చి, తడిపి, ఇసుక కలిపి, ఎద్దు తిప్పే రాతి చక్రం కింద గానుగలో నలగ్గొడితే వచ్చేది డంగు సున్నం. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. ఏళ్లు పడుతుంది. నిదానంగా గట్టిపడేది కాబట్టి గోడ కాస్త కదిలినా తట్టుకుంటుంది, తేమను లోపల బంధించదు. సిమెంటు వచ్చి సున్నాన్ని పనికిమాలినదిగా చేసిందనుకుంటాం. గంటల్లో గట్టిపడాలన్న తొందరే సున్నానికి ఎసరు పెట్టిందని నాకనిపిస్తుంది.

అదే ఊళ్లో ఒక మట్టి మిద్దె. గోడ మందం మూరెడు పైనే. మట్టిని తడిపి, వరిగడ్డి ముక్కలు కలిపి కాళ్లతో తొక్కి, ముద్దలుగా పెట్టుకుంటూ ఒక వరస కడతారు. అది ఆరాకే రెండో వరస. తొందరపడితే కింది వరస ఉబ్బి జారుతుంది. పైన దూలాలు, వాటి మీద కట్టెలు, ఆకులు, ఆ మీద చౌడు మట్టి. చౌడు తడిస్తే బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు ఇంకో పొర వేయాలి. గోడకు అడుగున రెండడుగుల రాతి కట్టు ఉంది, సున్నం లేనిదే. నేల తడి మట్టి గోడలోకి పాకకుండా అదే ఆపుతుంది. ఆ ఇంటి పెద్దమ్మ, "వాన పైకెంచి రావద్దు, నేలకెంచి ఎక్కొద్దు, అంతే బిడ్డా, నూరేండ్లుంటది" అంది. పక్క గదికి కొత్తగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. అది అట్టలు అట్టలుగా ఊడుతోంది, వెనక మట్టి తడిసి ఉంది.

నాపరాయి పలకలను నిలువుగా పాతి గోడలు చేసుకునే పద్ధతి తాండూరు వైపు ఉంది, ఈసారి అటు పోవడం కుదరలేదు.

సాయంత్రం సరళాసాగర్. వనపర్తి సంస్థానం వాళ్ల చొరవతో మొదలై, గేట్లు లేకుండా సైఫన్ పద్ధతిలో నడిచే ప్రాజెక్టు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే గొట్టంలాంటి దారిలోకి నీళ్లు ఎక్కి, లోపలి గాలిని లాక్కుపోయి, తమంతట తాము ఉధృతంగా దూకుతాయి. మట్టం తగ్గితే గాలి దూరి ఆగిపోతాయి. మనిషి చెయ్యి అక్కర్లేదు. అలాంటి చోట కూడా 2019 డిసెంబర్ 31న మట్టి కట్ట తెగి చెరువు ఖాళీ అయింది. తర్వాత మళ్లీ కట్టారు. నీళ్లు పోయే దారి ఎంత తెలివిగా చేసినా, నీళ్లను ఆపే మట్టిని కనిపెట్టుకుని ఉండాల్సిందే. కొత్తగా కట్టిన భాగం మీద నిలబడి బావమరిది చాలాసేపు మాట్లాడకుండా కింద మట్టిని చూశాడు.

మంగళవారం, గద్వాల – అలంపూర్

గద్వాల కోట మట్టి కోట. సోమనాద్రి కట్టించింది. గుట్టలు లేని నేల, పక్కనే కృష్ణ, చేతికందేది మట్టే. మట్టి గోడను చూసి చిన్నచూపు చూడకూడదు. ఫిరంగి గుండు తగిలితే రాతి గోడ పగిలి ముక్కలు ఎగురుతాయి, మందమైన మట్టి గోడ గుండును మింగేస్తుంది. ఓరుగల్లులోనూ రాతి కోట బయట మట్టి కోట ఉంది. ఇప్పుడు గద్వాల కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ నడుస్తోంది. బురుజుల మీద వాన చారలు దిగాయి. మట్టి గోడకు నెత్తి మీద కప్పు పోతే ఏటా కొంచెం కొంచెం కరుగుతుంది. పెద్దమ్మ చెప్పిన మాటే ఇక్కడా.

అలంపూర్ చేరేసరికి మధ్యాహ్నం. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. వాటి శిల్పాల గురించి చాలామంది రాశారు, నేను గోడల దగ్గరే ఆగుతాను. శ్రీశైలం రిజర్వాయరు నీళ్లు రాకుండా గుళ్ల వైపు కట్ట కట్టారు. 2009 అక్టోబర్ వరదలో నీళ్లు అలంపూర్‌లోకి వచ్చాయి. నీళ్లు తీశాయి, గుళ్లు ఉన్నాయి.

నేను ఇంత దూరం వచ్చింది మాత్రం సంగమేశ్వరాలయం కోసం. ఇది మొదట ఇక్కడ లేదు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని, రాళ్లకు నంబర్లు వేసి, ఒక్కొక్కటి విప్పి, ఇక్కడికి తెచ్చి, అదే వరసలో మళ్లీ నిలబెట్టారు. గుడిని నిలబెట్టిన ఎత్తైన రాతి పీఠం, అధిష్ఠానం, చుట్టూ నడిచాను. రాయి రాయికీ మధ్య అతుకును వేలితో తడిమాను. అప్పటిదాకా పుస్తకాల్లో చదివిందే, చేతికి తగిలాకే పూర్తిగా అర్థమైంది: రాళ్లను జిగురుతో అతకలేదు కాబట్టే దీన్ని విప్పగలిగారు. సిమెంటు పోసి ఉంటే పగలగొట్టడం తప్ప వేరే దారి ఉండేది కాదు. రాయి పగిలేది, చెక్కడం పోయేది. సోమశిల దగ్గరి గుళ్లు కూడా ఇలాగే ముంపు నుంచి బయటపడ్డాయి.

అంటే కూలిన సున్నం లేని గోడ శిథిలం కాదు. దాని రాళ్లన్నీ కిందే పడి ఉంటాయి, చాలావరకు పగలకుండా. తిరిగి పేర్చడానికి కొత్త సరుకు కొనక్కర్లేదు, చెయ్యి తెలిసిన మనిషి కావాలి. ఈ మాట అంటే బావమరిది ఇంజినీరు బుర్రతో ఇంకో మాట కలిపాడు. చెరువు కట్ట రివిట్‌మెంట్‌కు సిమెంటు లేని రాతి పేర్పు ఇప్పటికీ ఎస్టిమేట్లలో ఉంటుంది, దానికి రేటు కట్టి బిల్లు చేస్తారు. పాత కోట గోడ మరమ్మతుకు కూడా అలాగే రాయొచ్చు. సిమెంటు బస్తాల లెక్క లేని ఎస్టిమేటు రాయడం అలవాటు లేకే రాయరు. తిరిగి వెళ్లగానే ఒక నమూనా ఎస్టిమేటు తయారు చేస్తానన్నాడు. చేయించి తీరతాను.

అలంపూర్ చౌరస్తాలో టీ తాగుతూ దొడ్డి పెద్దాయనకు ఫోన్ చేశాను. మూలల సంగతి అడగడం మరిచిపోయాను. రెండు గోడలు కలిసే మూల ఎలా కట్టాలి?

"ఒక వరసల పొడుగు రాయి ఈ గోడలకు పోవాలె, మీది వరసల ఆ గోడలకు పోవాలె. మార్చి మార్చి. మూలకు మంచి రాళ్లు ముందే ఏరి పక్కకు పెట్టుకోవాలె సార్, ఆఖర్ల ఏరితే దొరకయి."

దొడ్డి మూడు మూలలు అయ్యాయట, నాలుగోదానికి రాళ్లు ఏరి పెట్టుకున్నాడట.